జాయినింగ్ డేట్ రాలేదు.. ఆస్టర్లు పూశాయి

ఆఫర్ లెటర్ చేతిలో ఉంటుంది. జాయినింగ్ డేట్ మాత్రం రాదు. ఎన్నిసార్లు మెయిల్ పెట్టినా 'త్వరలో తెలియజేస్తాం' అని అదే జవాబు. మీలో కొందరు ఇప్పుడు ఇక్కడే ఆగిపోయి ఉంటారు. కొన్నేళ్ల కిందట నేనూ ఇక్కడే ఆగాను. బెంగళూరులో పీజీ ఖాళీ చేసి, మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్ వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో బ్యాగుతో దిగాను. 'ఏమిరా, లీవా?' అని అడిగిన వాళ్లకి మొదటి నెల 'వర్క్ ఫ్రమ్ హోమ్' అని చెప్పాను. రెండో నెల నుంచి ఇంట్లోంచి బయటికి రావడం మానేశాను.

పూలు పెంచాలని ఏమీ అనుకోలేదు. ఇంటి వెనక రెండు సెంట్ల జాగా ఉంది. అమ్మ అక్కడ బంతి, చామంతి వేసేది, పండక్కి మాలలు కట్టేది. మదనపల్లెలో స్టేజీ డెకరేషన్ చేసే ఒకాయన ఓ పెళ్లిలో మాటల్లో అన్నాడు.. 'విడిపూలు ఎక్కడైనా దొరుకుతాయి బాబూ, కాడ ఉన్న పూలకే బెంగళూరు పోవాల్సొస్తోంది' అని. ఆ మాటే నాకు పని చెప్పింది.

తేడా ఇదీ. విడిపూలు కిలోల లెక్క. మాలకి, పూజకి వాడతారు. కుప్పం, వి.కోట, పుంగనూరు వైపు రైతులు పండించేది ఎక్కువగా ఇవే. బెంగళూరు కేఆర్ మార్కెట్ దగ్గరే కాబట్టి అమ్మకానికి ఇబ్బంది లేదు. కట్ ఫ్లవర్స్ అలా కాదు. పొడవాటి కాడతో కోసి, కట్టల లెక్కన అమ్ముతారు. బొకేలకి, స్టేజీలకి, హోటల్ టేబుళ్ల మీదికి పోతాయి. హోసూరు చుట్టుపక్కల పాలీహౌస్ గులాబీలు విదేశాలకూ వెళ్తాయి. ఆ స్థాయికి లక్షల పెట్టుబడి కావాలి, దాని జోలికి మనం పోవద్దు. సీజన్‌ని బట్టి ఆరుబయట పెరిగే ఆస్టర్, గ్లాడియోలస్, జిన్నియా, స్నాప్‌డ్రాగన్ చాలు. మన ప్రాంతం దీనికి బాగా కలిసొస్తుంది. హార్స్‌లీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు, మదనపల్లె దాదాపు 700. మైదానంలో ఎండలకి వాడిపోయే పూలు ఇక్కడ చలికాలం అంతా నిలబడతాయి.

నేను మొదలుపెట్టింది చైనా ఆస్టర్‌తో. బెంగళూరు శివారు హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. అక్కడ రూపొందించిన రకాల్లో కామిని ముదురు గులాబీ రంగు, పూర్ణిమ తెలుపు, వయొలెట్ కుషన్ ఊదా. విత్తనాలు ఆ సంస్థ ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతుంది. ట్రేలో చల్లితే వారం పది రోజుల్లో మొలుస్తాయి. నెల దాటాక నాలుగైదు ఆకుల నారుని మళ్లలో నాటాలి. ఒక సెంటు అంటే 40 చదరపు మీటర్లు. అడుగుకి అడుగు దూరంలో నాటితే, దారులు పోను 300 మొక్కలు పడతాయి. విత్తిన మూడున్నర, నాలుగు నెలలకి పూలు.

నా మొదటి మడి చచ్చిపోయింది. అబద్ధం చెప్పను, సగం కాదు.. ముప్పాతిక పోయింది. ఆస్టర్ వేరు పైపైనే ఉంటుంది, నీళ్లు నిలిస్తే తట్టుకోలేదు. అక్టోబర్ వానలకి నా చదునైన మడిలో రెండు రోజులు నీళ్లు నిలిచాయి, తర్వాత ఎండుతెగులు వచ్చింది. రెండోసారి జానెడు ఎత్తు బోదెలు వేశాను. అదీ వేరే చోట. ఎండుతెగులు వచ్చిన మట్టిలో మళ్లీ ఆస్టర్ వేయకూడదు, ఆ బూజు నేలలోనే ఏళ్ల తరబడి ఉంటుంది. డ్రిప్ పైపు మాత్రం మామయ్య టమాటా తోటలో మిగిలింది తెచ్చి వేసుకున్నా. మన దగ్గర డ్రిప్ అంటే ఎవరికీ కొత్త కాదు కదా, 1990ల్లోనే కుప్పంలో ఇజ్రాయెల్ పరిజ్ఞానంతో ప్రాజెక్టు నడిచింది.

కోతలో కిటుకులు ఉన్నాయి. ఇవి నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం, కొంచెం ఓపిగ్గా చదవండి. జిన్నియా పువ్వు విచ్చుకుంది కదా అని కోసేయొద్దు. పువ్వుకి జానెడు కింద కాడని పట్టుకుని మెల్లగా ఊపండి. మెడ వేలాడితే ఇంకా పచ్చిది, కోస్తే సాయంత్రానికే వాలిపోతుంది. కాడ బిర్రుగా ఉంటే కోయొచ్చు. గ్లాడియోలస్‌ది రివర్స్. కింది మొగ్గ ఒకటి రెండు రంగు చూపించగానే కోయాలి, మిగతావి నీళ్లలో విచ్చుకుంటాయి. కోసేటప్పుడు మొక్కకి కనీసం నాలుగు ఆకులు వదలండి, వచ్చే ఏడాది దుంప ఊరేది వాటితోనే. ఇంకోటి, గ్లాడియోలస్‌ని పడుకోబెట్టి తీసుకెళ్తే కొస భూమికి వ్యతిరేకంగా పైకి వంగిపోతుంది. నిలబెట్టే తీసుకెళ్లాలి. మా ఊరి బస్సులో బకెట్ పట్టుకుని నిలబడ్డ బీటెక్ గ్రాడ్యుయేట్‌ని చూసి కండక్టర్ టికెట్ కొట్టకుండా కాసేపు చూశాడు.

ఏ పువ్వయినా పొద్దున్నే కోసి, కడిగిన బకెట్‌లో శుభ్రమైన నీళ్లలో వెంటనే పెట్టాలి. నీళ్లలో మునిగే ఆకులు తీసేయాలి, లేకపోతే అవి కుళ్లి బ్యాక్టీరియా కాడని మూసేస్తుంది.

దెబ్బ తిన్న రోజు ఒకటి చెప్పాలి. జనవరిలో ఓ నిశ్చితార్థానికి స్నాప్‌డ్రాగన్ నలభై కాడలు ఒప్పుకున్నా. ముందురోజే కోసి, చల్లగా ఉంటుందని మామయ్య గదిలో తలుపేసి పెట్టా. ఆ గదిలోనే మార్కెట్‌కి పంపకుండా ఆపిన పండు టమాటాల బాక్సులు ఉన్నాయి. పొద్దున చూస్తే నేల నిండా రాలిన పూలు, బకెట్‌లో బోడి కాడలు. తర్వాత చదివితే తెలిసింది. పండే టమాటాలు ఇథిలీన్ వాయువు వదులుతాయి, స్నాప్‌డ్రాగన్, కార్నేషన్ లాంటి పూలు దాన్ని భరించలేవు. మామిడిపళ్ల పక్కనా అంతే. అంత పెద్ద టమాటా మార్కెట్ ఉన్న ఊళ్లో పూలు అమ్మాలనుకునేవాడు ముందు తెలుసుకోవాల్సిన విషయం నేను చివర్లో తెలుసుకున్నా. డెకరేషన్ ఆయన తిట్టలేదు గానీ, నెల రోజులు ఫోన్ ఎత్తలేదు.

విత్తేది ఎప్పుడో క్యాలెండర్‌ని వెనక నుంచి లెక్కపెడితే తెలుస్తుంది. మాఘమాసం పెళ్లిళ్లకి ఆస్టర్ కావాలంటే అక్టోబర్‌లో విత్తాలి. ఫిబ్రవరి 14కి గ్లాడియోలస్ కావాలంటే, రకాన్ని బట్టి 75 నుంచి 90 రోజులు వెనక్కి, అంటే నవంబర్ రెండో సగంలో దుంప నాటాలి. ఆషాఢంలో పూలొచ్చేలా వేశారో, కోసి ఇంట్లో పెట్టుకోవడమే. చామంతి ఇంకా వింత. రాత్రులు పొడవైతేనే మొగ్గ వేస్తుంది. అందుకే రాత్రిపూట తోటల్లో బల్బులు వేలాడదీసి పూత వెనక్కి జరుపుతారు. అది చూసి నేను ఓ మైక్రోకంట్రోలర్, రిలే పెట్టి వారం రోజులు కోడ్ రాశా. ఎలక్ట్రికల్ షాపులో దొరికే టైమర్ స్విచ్ నా సర్క్యూట్ కంటే బాగా పనిచేసింది.

డబ్బు సంగతి కూడా దాచను. విత్తనం, దుంపలు, ఎరువు ఖర్చు పోను ఆ సీజన్‌లో నా చేతికొచ్చింది ఆరు వేల చిల్లర. దీన్ని ఉద్యోగం అనుకోకండి. రెండు సెంట్లలో బతుకుదెరువు లేదు. 'పూలు కోస్తా కూచుంటే నిన్ను ఇంటర్వ్యూకి ఎవురు పిలుస్తారురా' అని అమ్మ అన్న మాటలోనూ న్యాయం ఉంది. అందుకే రోజుకి రెండు గంటలే తోట, మిగతాది ప్రిపరేషన్ అని గీత గీసుకున్నా. కానీ పది మందితో మాట్లాడటం మళ్లీ వచ్చింది. నాకు ఆరు వేల కంటే అదే ఎక్కువ.

నిజంగానే ఈ రంగంలోకి వెళ్లాలని ఉంటే దారులు వేరే ఉన్నాయి. ఇంటర్ బైపీసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే, ఏపీ ఈఏపీసెట్ ద్వారా డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ ఉందని చెప్పండి. ఉద్యాన అధికారి పోస్టులకి ఆ డిగ్రీ కావాలి. ఇంజినీర్లకి డ్రిప్, పాలీహౌస్ నిర్మాణం, కోల్డ్ చెయిన్ కంపెనీల్లో చోటుంది. వ్యవసాయ నైపుణ్య మండలి కోర్సుల్లో ఫ్లోరికల్చరిస్ట్ అని ఒకటుంది. సందేహాలుంటే కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం మనకి దగ్గర.

మొదటి మూడు ఇంటర్వ్యూల్లో గ్యాప్ గురించి అడిగితే 'ఆన్‌లైన్ కోర్సులు చేశా' అన్నా. ఏ కోర్సు, ఏం నేర్చుకున్నావ్ అంటే నీళ్లు నమిలా. నాలుగోదానికి ఎక్సెల్ షీట్ తీసుకెళ్లా. విత్తిన తేదీ, మొలిచినవి ఎన్ని, చచ్చినవి ఎన్ని, ఎందుకు, కట్ట ఎంతకి పోయింది. చచ్చిన మడి లైను కూడా అందులోనే ఉంది. ప్యానెల్‌లో ఉన్న ఆవిడ ఆ లైను దగ్గరే ఆగి పావుగంట అడిగింది. ఉద్యోగం అక్కడే వచ్చింది. మొదటి కంపెనీ నుంచి మెయిల్ ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు తోట అమ్మ చూస్తోంది. ఎక్సెల్ తనకి రాదు, నా పాత ల్యాబ్ రికార్డులో రాస్తుంది. మొన్న ఊరెళ్లినప్పుడు తిరగేశా. 'కామిని, 280 నారు. 31 పాయె. గొంగళిపురుగు. వేపనూనె కొట్టినా' అని ఉంది. పక్కనే, డెకరేషన్ ఆయన ఇవ్వాల్సిన బాకీ.