భుజం ఆపరేషన్ తర్వాత చేతి పట్టీ ఎన్నాళ్లు? ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది తెలుసుకోవాల్సిందే!

మరిపెడ లాంటి ఊళ్లలో పెద్దవాళ్లకు భుజం కీలు మార్పిడి చేయించాలంటే వరంగల్, ఖమ్మం లేదా హైదరాబాద్ వెళ్లాల్సిందే. ఆపరేషన్ అక్కడే అయిపోతుంది కానీ, అసలు కష్టం ఇంటికొచ్చాకే. "చెయ్యి అస్సలు కదపకు అవ్వా" అని ఒకరు, "ఇంకెన్ని రోజులు కట్టుకుంటవ్, తీసెయ్" అని ఇంకొకరు. నిజానికి రెండూ తప్పే.

మెడకు తగిలించే ఆ పట్టీని స్లింగ్ అంటారు. కొత్త కీలు అమర్చేటప్పుడు భుజం ముందువైపు కండరాన్ని డాక్టర్లు సాధారణంగా విడదీసి, మళ్లీ కుడతారు. ఆ కుట్టు అతుక్కునేదాకా స్లింగ్ కాపలా కాస్తుంది. మామూలుగా 4 నుంచి 6 వారాలు. అయితే కీలులో గుండు, గిన్నె స్థానాలను తారుమారు చేసే 'రివర్స్' పద్ధతిలో కొందరికి ఇంకా ముందే తీసేస్తున్నారు. ఫ్రాన్స్ సర్జన్ పాల్ గ్రామోంట్ 1985లో రూపొందించిన ఈ పద్ధతి, భుజం కండరాలు దెబ్బతిన్న వృద్ధులకు బాగా పనికొస్తోంది. కాబట్టి పక్కింటాయనకు చెప్పిన లెక్క మీ ఇంట్లో పనిచేయదు. డిశ్చార్జి కాగితంలో ఏముందో అదే ఫైనల్.

స్లింగ్ ఉంది కదా అని చేతిని మొత్తం వదిలేస్తే వేళ్లు వాస్తాయి, మోచెయ్యి బిగుసుకుపోతుంది. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి డాక్టర్ చెప్పినట్టు మొదటి రోజుల నుంచే ఆడించాలి. భుజాన్ని మాత్రం సొంతంగా పైకి లేపకూడదు.

ఎక్కువగా జరిగే పొరపాటు మంచం దగ్గరే. లేచేటప్పుడు అలవాటుగా ఆ చేతినే ఆనిస్తారు. శరీరం బరువంతా భుజం మీద పడుతుంది. చీర కుచ్చిళ్లు, పంచె సర్దుకోవడానికి చేతిని వీపు వెనక్కి పెట్టినా ప్రమాదమే, కీలు జారిపోవచ్చు. పడుకున్నప్పుడు మోచేతి కింద మడత దుప్పటి పెట్టాలి. చొక్కా, జాకెట్ వేసేటప్పుడు ఆపరేషన్ అయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. ఒక చెయ్యి కట్టేసి ఉంటే నడకలో బ్యాలెన్స్ తప్పుతుంది. మిర్చి ఏరే రోజుల్లో ఇంటిల్లిపాదీ చేనుకు పోతే పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటారు. తడి బాత్రూం, చీకటి వాకిలి... అక్కడ జారిపడితే కొత్త కీలు చుట్టూ ఎముక విరగొచ్చు. ఆ కొన్ని వారాలైనా ఇంట్లో ఒకరు ఉండటం మంచిది.

స్లింగ్ తీసిన మర్నాడే నీళ్ల బిందె ఎత్తొద్దు. బలం రావడానికి నెలలు పడుతుంది. జ్వరం, కుట్ల దగ్గర చీము, భుజం ఆకారం మారి భరించలేని నొప్పి... వీటిలో ఏది కనిపించినా తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.