ముందు డిఫరెన్షియల్ ఆయిల్ ఎందుకు కారుతుంది?

ఉభాల (వరి నాట్ల) రోజుల్లో శ్రీకూర్మం పొలాల్లో దమ్ము చేసి వచ్చిన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరును కడిగితే, ముందు ఇరుసు మధ్యలో ఒక్కోసారి నల్లటి జిడ్డు కనిపిస్తుంది. ‘సీలు పోనాది బావూ’ అనేస్తాడు డ్రైవరు. నిజమే కావచ్చు. అయితే ఎందుకు పోయిందో తేల్చకుండా కొత్త సీలు వేయిస్తే, అదీ ఎన్నాళ్ళో నిలవదు.

ముందు ఆ సీలు పనేమిటో చూద్దాం. గేరుబాక్సు నుంచి ఒక షాఫ్టు బండి పొట్ట కిందుగా ముందు ఇరుసులోకి వెళ్తుంది. అక్కడ పినియన్ అనే చిన్న పళ్ళచక్రం క్రౌన్ అనే పెద్దదాన్ని తిప్పుతుంది. మలుపులో బయటి టైరు ఎక్కువ దూరం, లోపలి టైరు తక్కువ దూరం వెళ్ళాలి. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. ఈ పళ్ళచక్రాలన్నీ ఆయిల్లో మునిగి తిరుగుతాయి. షాఫ్టు తిరగాలి, ఆయిల్ బయటికి రాకూడదు. రెండూ జరిగేలా చూసేది ఆయిల్ సీలు.

ఇనుప రింగుకు అతికిన రబ్బరు అంచు, దాని చుట్టూ సన్నటి స్ప్రింగు: సీలంటే ఇంతే. స్ప్రింగు ఆ అంచును షాఫ్టుకు అదిమి పడుతుంది. మధ్యలో కంటికి ఆనని ఆయిల్ పొర ఉంటేనే అంచు అరగకుండా జారుతుంది. రబ్బరు రాకముందు ఈ అంచులు తోలుతో చేసేవారు. 1930ల్లో ఈ సీళ్ళకు పేరు తెచ్చిన జర్మనీ కంపెనీ ఫ్రాయిడెన్‌బర్గ్ అసలు తోళ్ళు ఊనే సంస్థే.

ఇక కారణాలు. మొదట చూడాల్సింది బ్రీదర్. పని మీద ఇరుసు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోయే చిన్న గొట్టమే బ్రీదర్. దమ్ము బురద దాన్ని మూసేస్తే ఆ ఒత్తిడి ఆయిల్‌ను సీలు మీదికి నెడుతుంది. బాగున్న సీలు కూడా కారుతుంది. ఆయిల్ కొలతకు మించి పోసినా ఇంతే. రెండోది గడ్డి. షాఫ్టుకు చుట్టుకున్న గడ్డిపోచలు, నైలాను తాడు ముక్కలు అంచును కోసేస్తాయి. మూడోది బేరింగు ఆట. షాఫ్టు ఊగుతుంటే ఏ అంచూ దాన్ని పట్టి ఉంచలేదు.

మరమ్మతుకు కూర్చుంటే, ముందు ఆయిల్ పోసే బోల్టు వదులవుతుందో లేదో చూసుకోవాలి. ఆ తర్వాతే కింది బోల్టు విప్పాలి. ఆయిల్ దించేశాక పై బోల్టు రాకపోతే బండి ఉన్నచోటే నిలిచిపోతుంది. పాత సీలు తీసేటప్పుడు స్క్రూడ్రైవరు షాఫ్టుకు తగలకూడదు. తీశాక, సీలు ఆనే చోట షాఫ్టు మీద గోరు పెట్టి లాగండి. గోరు గాడిలో తట్టుకుంటే కొత్త సీలూ కారుతుంది. అరిగిన చోట పలచని స్టీలు తొడుగు వేయించాలి, లేదా ఆ భాగమే మార్చాలి. కొత్త సీలు అంచుకు ఆయిల్ రాసి, స్ప్రింగున్న వైపు లోపలికి ఉంచి, సీలు వెడల్పుకు సరిపోయే పైపు ముక్కతో చుట్టూ సమంగా కొట్టి దించాలి. ఒక పక్కే కొడితే అంచు మడతపడి, స్ప్రింగు ఊడిపోతుంది. పినియన్ నట్టు విప్పాల్సిన మోడలైతే మాత్రం తెలిసిన మెకానిక్కుకే వదిలేయాలి. ఆ నట్టు బిగువు మీదే బేరింగు ఆయుష్షు ఆధారపడి ఉంటుంది.

ఆయిల్ బొట్టుబొట్టుగానే కారుతోంది కదా, కోతలయ్యాక చూద్దామనుకుంటారు కొందరు. రోడ్డు మీద తిరిగే బండికి అది కొంతవరకు చెల్లుతుందేమో గానీ దమ్ములో చెల్లదు. ఆయిల్ బయటికొచ్చే సందులోంచే పొలం నీరూ లోపలికి పోతుంది. దించిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే. అప్పుడు సీలు మార్చి ఊరుకుంటే చాలదు. ఆ ఆయిల్ మొత్తం తీసి, లోపల శుభ్రం చేసి, కంపెనీ పుస్తకంలో రాసిన రకం ఆయిలే పోయాలి. నీరు కలిసిన ఆయిల్లో బేరింగులూ పళ్ళూ తుప్పు పడతాయి. సీలు ఖరీదు క్రౌన్-పినియన్ ఖరీదులో ఏ మూలకూ రాదు. అందుకే ఉభాలకు ముందొకసారి, దమ్ము పూర్తయ్యాక ఒకసారి బ్రీదర్ శుభ్రం చేయించి, ఆయిల్ రంగు చూడటం లాభం.