దవడ ఆపరేషనా... ఊపిరితిత్తులు జాగ్రత్త

సాలూరు: లారీల పట్టణంగా పేరొందిన సాలూరు నుంచి 26వ నంబరు జాతీయ రహదారి ఘాట్ మలుపుల మీదుగా ఒడిశాకు సాగుతుంది. ఇలాంటి రోడ్లపై ప్రమాదాల్లో దవడ విరిగిన వారికి, నోటి క్యాన్సర్ సోకిన వారికి పూర్తి మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయాల్సి వస్తుంది. ఆపరేషన్ నోటికే అయినా ఆ తర్వాత ముప్పు ఊపిరితిత్తులకు రావచ్చు. రోగి, బంధువులు అప్రమత్తంగా ఉంటే దీన్ని చాలావరకు నివారించవచ్చు.

ఎందుకు వస్తుంది?
పూర్తి మత్తులో ఊపిరితిత్తుల్లోని గాలితిత్తులు కొన్ని ముడుచుకుపోతాయి. పది మందిలో సుమారు తొమ్మిది మందికి ఇది ఎంతోకొంత జరిగేదే. చాలామందిలో త్వరగానే సర్దుకుంటుంది. నొప్పికి భయపడి దగ్గకుండా పడుకుంటే మాత్రం కఫం పేరుకుని న్యుమోనియాకు దారితీయవచ్చు. నోటి ఆపరేషన్లలో రక్తం, లాలాజలం శ్వాసనాళంలోకి జారే ప్రమాదమూ ఉంది. దవడలను తీగలతో బిగించిన రోగికి వాంతి అయితే మరింత ముప్పు. అందుకే తీగలు తెంచే కట్టర్‌ను మంచం పక్కనే ఉంచుతారు.

అడ్డపొగతో రెట్టింపు నష్టం
చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి కాల్చే అడ్డపొగ ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా మహిళల్లో పాత అలవాటు. అంగిలి క్యాన్సర్‌కు ఇది కారణమవుతుంది. ఊపిరితిత్తులనూ పొగ బలహీనపరుస్తుంది. కనీసం నాలుగు వారాల ముందు మానితే మేలు. అంత వ్యవధి లేకుంటే, ఆపరేషన్ ఖరారైన రోజు నుంచే మానాలి. అలవాటును, ఆయాసాన్ని, జలుబును మత్తు వైద్యుని వద్ద దాచరాదు.

గ్లాసు టీ కూడా వద్దు
పరగడుపున ఉన్న రోగిపై జాలితో బంధువులు గుట్టుగా టీ తాగించడం ప్రాణాపాయం కావచ్చు. పాలు కలిసిన టీ ఆహారంతో సమానం. సాధారణంగా ఆహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. పొరపాటున తీసుకుంటే వెంటనే చెప్పాలి. ఆపరేషన్ వాయిదా పడినా నష్టం లేదు.

ఆపరేషన్ తర్వాత
తల వైపు ఎత్తుగా ఉంచి పడుకోబెట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి. వైద్యులు అనుమతించగానే లేచి నడవాలి. నోరు శుభ్రంగా ఉంచుకోవాలి. ఇంటికి వెళ్లాక జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే జాప్యం చేయరాదు. పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి.