మేఘంలోని మంచుపలుకును కొలిచేదెట్లా?

ఎండకాలం ఆరంభంలో మన బోనకల్ ప్రాంతాన వడగండ్లు పడితే రైతు కల్లంలోని మిర్చిపై పట్టాలు కప్పడానికి పరుగెత్తుతాడు. పిల్లలు వడగండ్లను ఏరుకొని ఎవరిది పెద్దదో పోల్చుకుంటారు. చేతికందిన మంచును కొలవడం సులభమే. కాని వర్షాకాలంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు దాటిన పిదప మేఘాల్లో ఏర్పడే మంచుపలుకు మిల్లీమీటరులో పదవ వంతే ఉండవచ్చు. పట్టుకుంటే విరుగుతుంది, కిందికి దింపితే కరుగుతుంది. కావున శాస్త్రజ్ఞులు దానిని వదలి దాని నీడను కొలుస్తారు.

పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ 2009లో 'కైపీక్స్' అనే మేఘపరిశోధనను ఆరంభించింది. ఆ విమానం ఎగిరిన స్థావరాలలో హైదరాబాదు ఒకటి. ఇట్టి విమానాలకు అమర్చే పరికరానికి ముందుకు చాచిన రెండు కొమ్ములుంటాయి. వాటి నడుమ లేజరు కిరణం ప్రసరిస్తుంది. దానికి ఎదురుగా 64 కాంతిగ్రాహకాలు ఒకే వరుసలో ఉంటాయి. ఒక్కొక్కటి 25 మైక్రాన్ల మేర, అనగా మిల్లీమీటరులో నలభైయవ వంతు చూస్తుంది. పలుకు అడ్డువచ్చినప్పుడు కొన్ని గ్రాహకాలపై నీడ పడుతుంది. విమానం సెకనుకు 100 మీటర్లు సాగుతుంటే ఆ వరుసను సెకనుకు 40 లక్షల సార్లు చదవాలి! మగ్గంపై పోగు పక్కన పోగు చేరి బొమ్మ తేలినట్లు, ఆ గీతలన్నీ కలిసి పలుకు రూపమవుతాయి. విమానవేగం తప్పుగా లెక్కిస్తే గుండ్రని చినుకు కూడ కోడిగ్రుడ్డువలె సాగిపోతుంది.

నీడను పూర్తిగా నమ్మరాదు. దీపం ముందు చేయి చాపి చూచిన వారికి ఈ సంగతి తెలిసినదే. పలుకు కిరణపు కేంద్రస్థానానికి దూరమైన కొద్దీ నీడ అంచు చెదరి, పరిమాణం పెరిగినట్లు కనబడుతుంది. నడుమ వెలుగుచుక్క ఏర్పడి నీడ గారెవలె మారుతుంది. విచిత్రమేమంటే ఆ గారె చిల్లి ఎంత ఉన్నదో చూచి అసలు పరిమాణాన్ని లెక్కకట్టవచ్చు.

అంతకంటె పెద్ద మోసం కొమ్ముల వద్దనే జరుగుతుంది. పెద్ద పలుకు కొమ్ముకు తగిలి పగిలితే, ఒకటి పోయి పదులకొద్దీ ముక్కలు నమోదవుతాయి. ఇది చిన్న పొరపాటు కాదు. మేఘమథనమనే మాట మన ప్రజలకు కొత్తది కాదు కదా! గడ్డకట్టని అతిశీతల జలం సమృద్ధిగా ఉండి, సహజమైన మంచు కొరవడిన మేఘంలోనే సిల్వర్ అయొడైడ్ చల్లడానికి అర్థమున్నది. విరిగిన ముక్కలను లెక్కించి "మంచు చాలినంత ఉన్నది" అనుకుంటే, అదను ఉన్న మేఘాన్నే వదిలివేస్తాము. అందుకే కొమ్ముల కొనలను వాడిగా మలచి ముక్కలు పక్కకు పోయేటట్లు చేశారు. ఒకదాని వెంట ఒకటిగా అతి తక్కువ వ్యవధిలో వచ్చిన నీడలను లెక్కనుండి తొలగిస్తున్నారు.

ఇంతచేసినా ఆ 64 గ్రాహకాల వెడల్పు 1.6 మిల్లీమీటర్లే. మన పిల్లలు ఏరుకొనే వడగండు నీడ అందులో పట్టదు.