కంటిలోని వాపునకు ఏ చిత్రము? – అపోహలు, వాస్తవాలు

కన్ను ఎఱ్ఱబడినదన్న కండ్లకలకయేయని నిశ్చయించుకొని, మందుల దుకాణమున చుక్కలమందు కొని రెండు దినములు వేసికొని, ఎఱుపు తగ్గగానే ఆ మాట మఱచిపోవుట మా రొంపిచెర్లలో చిరకాలపు అలవాటు. అయితే కనుగ్రుడ్డు లోపల ద్రాక్షతొక్కను బోలు నల్లని పొర వాచినపుడు (లాటిను భాషలో ద్రాక్షకు గల పేరునుండియే దీనికి యువియైటిస్ అను పేరు వచ్చినది) కన్ను ఎఱ్ఱబడకయే చూపు మసకబాఱవచ్చును. అట్టివారు నరసరావుపేటకో, గుంటూరునకో, తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యశాలకో పోయి, వెంట దెచ్చుకొను చిత్రములనుగూర్చి రచ్చబండకడ పుట్టు అపోహలు కొన్ని కలవు.

"క్రొత్త యంత్రమున్నచోట పాతవానితో పనియేమి?" అనునది మొదటిది. 1991లో వెల్లడియైన ఓసీటీ (కాంతితో కంటిపొరల అడ్డుకోతను చూపు యంత్రము) అద్భుతమే. సూది గ్రుచ్చకయే, రెటీనా పొరలను ఉల్లిపాయను కోసినట్లు చూపి, దాని నడిమిభాగమగు మాక్యులా వాపును మైక్రానులలో కొలిచి చెప్పును. కాని రక్తనాళములనుండి ద్రవము కాఱుచున్నదా యను ప్రశ్నకు అది నేరుగా బదులీయజాలదు. దాని తోబుట్టువగు ఓసీటీ ఆంజియోగ్రఫీయు నెత్తుటి ప్రవాహమునే చూపునుగాని కాఱుటను చూపదు. అందులకు 1960 ప్రాంతపు పాతపద్ధతియైన ఫ్లోరెసీన్ ఆంజియోగ్రఫీయే శరణ్యము: చేతినరములోనికి ఎక్కించిన పసుపు మందు పది పదిహేను సెకండ్లలో కంటికి చేరి, నీలికాంతిలో పచ్చగా మెఱసి, సాగరు కాలువ గట్టు ఎచ్చట ఊరుచున్నదో తడినేల చెప్పినట్లు, నాళమెచ్చట చెడినదో చెప్పును. దానికిని రెటీనాకు అవ్వలనున్న కోరాయిడ్ పొర చక్కగా అందదు. వోగ్ట్–కొయనాగి–హరాడ వ్యాధివంటివానిలో ఆ లోతు చూచుటకు ఇండోసయనిన్ గ్రీన్ అను వేఱొక మందు కావలయును. ఇక లోపల మబ్బుకమ్మి ఏమియు కానరానపుడు ఈ కాంతియంత్రములన్నియు చేతులెత్తివేయగా, బీ-స్కాన్ అల్ట్రాసౌండే ఆధారమగును.

"ఆ సూదిమందు ఒంటిలో ఎక్స్‌రే కిరణములు నింపును" అనుట వట్టిమాట. అది రంగుమందు మాత్రమే. చర్మము కొన్ని గంటలు, మూత్రము ఒకటి రెండు దినములు పసుపుగా నుండును. కొందఱికి వికారము కలుగును. తీవ్రమైన ఎలర్జీ అరుదేగాని లేకపోలేదు గనుక, ఆస్తమా, గర్భము, పూర్వము మందు పడకపోవుట మొదలగువానిని ముందే చెప్పవలెను.

"చిత్రము తీసినచో కారణము తేలును" అనునది మఱియొకటి. చిత్రము జాడ చెప్పును; క్షయయా, మఱియొకటియా యనుటకు రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఒక్కొక్కప్పుడు క్షయకై చేయు మాంటూ పరీక్షయు కావలసియుండును.

"కన్ను తేటపడినది, మరల చిత్రమెందులకు? బిల్లుకొఱకేగదా!" అను అనుమానమును నేను పూర్తిగా త్రోసిపుచ్చను, ప్రతి రాకకును ప్రతి చిత్రమును అక్కఱలేదు. అయినను నొప్పియు ఎఱుపును పోయినపిమ్మటగూడ మాక్యులాలో నీరు నిలువవచ్చును. వాపునకిచ్చు స్టెరాయిడ్ మందును తగ్గింపవచ్చునో లేదో పాత క్రొత్త చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని తెలియదు. ఒక కంపెనీ ఓసీటీ కొలత వేఱొక కంపెనీ కొలతతో సరిపడదు గావున, వీలైనంతవఱకు ఒకే యంత్రముపై తీయించుకొనుట మేలు.

కావున ప్రయాణమగు దినమున పాతచిత్రములు తేదీలతోసహా సంచిలో వేసికొనుడు. తోడుగా నొకరిని పిలుచుకొని పొండు. కనుపాప పెద్దదగుటకు వేయు చుక్కలవలన కొన్ని గంటలు చూపు మసకగా నుండును గాన, తిరుగు ప్రయాణమున బండి మీరు నడుపకుడు.