గీత లోతే నీడ

శ్రీశైలం గుడి ప్రాకారం నిండా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, పురాణ ఘట్టాలు వరుసలు తీరి ఉంటాయి. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఈ గుడిని 1794లో సర్వేయరు కాలిన్ మెకంజీ చూసి, ఆ శిల్పాల గురించి రాశాడు. ఆ రోజుల్లో కట్టడాల బొమ్మలు పుస్తకాల్లోకి ఎక్కువగా రాగి రేకుల మీదుగానే వచ్చేవి. అందులో ఒక పద్ధతి ఎచింగ్.

రాగి రేకుకు మైనం పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. రేకును యాసిడ్‌లో ముంచితే పూత లేచిపోయినచోట మాత్రమే రాగి కరుగుతుంది. పలచని నీడ చాలనుకున్న గీతలను ముందే వార్నిష్‌తో కప్పేసి, మిగతావాటిని మళ్లీ ముంచుతారు. ఎంతసేపు నానితే అంత లోతు. ఎంత లోతుంటే అంత సిరా పడుతుంది, అచ్చులో అంత నలుపు వస్తుంది. వెలుగుకు మాత్రం ఏ రంగూ వేయరు. గీత పడని తెల్లకాగితమే వెలుగు. ఇటలీ చిత్రకారుడు పిరనేసి తన ఊహా చెరసాలల రేకులనే మళ్లీ చెక్కి, 1761లో మరింత చీకటిగా అచ్చువేశాడు. చూసేవాడికి భయం పెరిగింది. నీడకున్న బలానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నంద్యాల జిల్లాలోనే ఉన్న ఆళ్లగడ్డలో రాతి శిల్పుల ఉలి పని కూడా లోతుతోనే. చీర కుచ్చిళ్ల మధ్య గాడి ఎంత దిగితే అంత నల్లని గీత కనబడుతుంది. అయితే నునుపు చేసిన నల్లరాతి మీద సన్నగా గీస్తే వ్యవహారం తిరగబడుతుంది: గీత తెల్లబారుతుంది, తాకని చోటు నల్లగా మిగులుతుంది. అంటే రాగి రేకు మీద నీడను గీసినట్టే, ఇక్కడ వెలుగును గీయాలి.

ఇంకో తేడా ఉంది. అచ్చులో సూర్యుడు కదలడు, గుడి గోడ మీద కదులుతాడు. తూర్పు గోడకు పొద్దున్నే ఎండ ఎదురుగా కొట్టి బొమ్మలు చదునుగా కనిపిస్తాయి. పదకొండు దాటాక వెలుగు గోడను రాసుకుంటూ దిగినప్పుడు ప్రతి మడతా లేచి నిలబడుతుంది. మే మొదటి వారంలోనూ ఆగస్టు రెండో వారంలోనూ ఈ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీదికి వస్తాడు. ఆ వేళ చూరు నీడ గోడ పొడవునా జారుతుంది. దక్షిణపు గోడకు మాత్రం చలికాలపు ఉదయం, సాయంత్రం పక్కవాటుగా పడే ఎండే మేలు.