నలుగురి టెంట్‌లో నలుగురు పట్టరు!

శనివారం మధ్యాహ్నం ప్రయాణం... ఆదివారం సాయంత్రానికి మళ్లీ ఇల్లు. మధ్యలో ఒక్క రాత్రి, పిల్లాపాపలతో చుక్కల కింద! ఆ రాత్రి కలకాలం గుర్తుండే ముచ్చటవుతుందా, దోమలతో జాగారమవుతుందా అన్నది చాలావరకు టెంట్ కొన్నరోజే తేలిపోతుంది.

గండికోటలో పెన్నా లోయ అంచు, హైదరాబాద్‌కు దగ్గర్లోని అనంతగిరి కొండలు, అరకు, లంబసింగి... ఒక్కరాత్రి బసకు మనకు చోట్లకు కొదవలేదు. ఎప్పుడో ఒకసారి వెళ్లేవారికి అద్దె టెంట్ చాలు. ఏటా మూడు నాలుగుసార్లు వెళ్లాలనుకుంటే మాత్రం సొంతది ఉండటమే మేలు. అయితే రంగూ, ధరా చూసి కొనేస్తే సరిపోదు.

అంకెను నమ్మొద్దు!

పెట్టె మీద 'ఫోర్ పర్సన్' అని ఉంటుంది. నలుగురు పక్కపక్కనే కదలకుండా, సంచులన్నీ బయట పెట్టి పడుకుంటే అన్నమాట! ఈ లెక్కలో ఒక్కొక్కరికి దక్కేది సుమారు 55-60 సెంటీమీటర్ల వెడల్పు. ఇంట్లో ఒక్కరు పడుకునే మంచమే 90 సెంటీమీటర్లు ఉంటుంది. పైగా చంటిపిల్లలు నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతారాయె. అందుకే అంకెలోంచి ఒకటి తీసేసి చూసుకోవాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలైతే నలుగురిదాంట్లో సర్దుకోవచ్చు. పిల్లలు పదేళ్లు దాటితే అయిదుగురు, ఆరుగురు పట్టేది చూడాలి.

ఇందుకో తేలిక మార్గముంది. టెంట్ పొడవు, వెడల్పులు చూసి, హాల్లో నేలమీద సుద్దముక్కతో అంతే గీత గీయండి. అందులో అందరూ దిండ్లు వేసుకుని పడుకుని చూడండి. సంగతి అక్కడే తెలిసిపోతుంది! ఎత్తు 130 సెంటీమీటర్లుంటే హాయిగా కూర్చోవచ్చు. నిలబడేంత ఎత్తుంటే బరువు పెరుగుతుంది, గాలికి ఊగుతుంది. ఒక్క రాత్రికి అంత అవసరం లేదు.

వాన లేకున్నా తడి

తెల్లారి లేచేసరికి టెంట్ లోపలంతా చెమ్మ. 'కారుతోంది' అనుకుంటారు చాలామంది. నిజానికి అది మన ఊపిరే! నలుగురి శ్వాసలోని ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీటిబొట్లుగా మారుతుంది. ఒంటిపొర టెంట్‌లతో ఇదే చిక్కు. రెండు పొరలవి కాస్త ఖరీదు. కానీ లోపలి వలగుడ్డ గుండా ఆవిరి బయటకు పోతుంది. చెమ్మ పట్టినా పైతొడుగుకే. రెండు పొరల మధ్య ఖాళీ ఉండాలి, పైతొడుగు దాదాపు నేలదాకా దిగాలి. మన ఉక్కపోతకు ఎదురెదురుగా కిటికీలుండటం, వల సన్నగా ఉండటం ముఖ్యం. వాన లేని వేసవి రాత్రి పైతొడుగు తీసేస్తే చుక్కలు చూస్తూ నిద్రపోవచ్చు.

గుడ్డ ఎంత నీటిని ఆపుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు. ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని తట్టుకుంటుందో చెప్పే లెక్క అది. పైతొడుగుకు 1500-2000, అడుగుకు 3000 ఉంటే మామూలు వానకు భయం లేదు. కుట్ల మీద టేపు అతికించారో లేదో కూడా చూడాలి.

రాతినేల మీదైనా...

రెండు కడ్డీలు అడ్డంగా వంచి నిలబెట్టే గోపురం ఆకారం టెంట్ కుటుంబాలకు అనువు. మేకులు దిగని రాతినేల మీదా నిలబడుతుంది. తాళ్లను పెద్ద రాళ్లకు కట్టేస్తే సరి. మట్టినేలైతే మేకు తల టెంట్‌కు అవతలివైపు వాలేలా ఏటవాలుగా కొట్టాలి. విసిరితే తెరుచుకునే రకం చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ మడిస్తే పెద్ద పళ్లెమంత అవుతుంది, చిన్న కారు డిక్కీలో పట్టకపోవచ్చు. ఫైబర్‌గ్లాస్ కడ్డీలు చవక, అల్యూమినియంవి తేలిక. టెంట్ కారులోనే వస్తుంది కాబట్టి అయిదారు కిలోలున్నా ఇబ్బంది లేదు.

కొన్నాక మొదటి బస మేడ మీదే! ఇంటిల్లిపాదీ కలిసి నిలబెట్టి, పైన బకెట్ నీళ్లు పోసి చూడండి. లోపాలుంటే ఇంట్లోనే బయటపడతాయి.

కుంపటి బయటే...

లంబసింగి చలికి టెంట్‌లో బొగ్గుల కుంపటో, చిన్న స్టవ్వో పెట్టుకోవాలనిపిస్తుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నిప్పు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరిపోయినట్లు కనిపించే బొగ్గులతోనూ అంతే ముప్పు. చలి ఎక్కువగా నేల నుంచే వస్తుంది. కింద మందపాటి ఫోమ్ చాప, పైన రగ్గు ఉంటే చాలు. చలిమంట టెంట్‌కు దూరంగా వేసుకుని, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పేయాలి.

వాగు ఒడ్డు, పల్లపు నేల, ఎండుకొమ్మలున్న చెట్టుకింద టెంట్ వేయకూడదు. అడవిలోనైతే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. అడుగున పరిచే పట్టా టెంట్ కంటే కాస్త చిన్నదిగా ఉండాలి. అంచులు బయటకొస్తే వాననీరు కిందికే చేరుతుంది.

ఇంటికొచ్చాక బద్ధకించకుండా టెంట్‌ను నీడలో ఆరేసి, పూర్తిగా ఆరాకే మడవండి. తడిగా మూటగడితే బూజు పడుతుంది. జాగ్రత్తగా దాచుకుంటే... పిల్లలు పెద్దయ్యేదాకా అదే మీ రెండో ఇల్లు!